యూ వీధి 1213: బెన్స్ చిల్లీ బౌల్ కథ

సభకు నమస్కారం.

నగరాల చరిత్ర అనగానే మనం కోటల గురించి, రేవుల గురించి, వంతెనల గురించి మాట్లాడుకుంటాం. ఈ సాయంత్రం నేను ఎంచుకున్నది ఒక తిండి దుకాణం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, నగరపు వాయవ్య భాగంలో, యూ వీధిలోని 1213 నంబరు భవనంలో 1958 ఆగస్టు 22న మొదలై ఇప్పటికీ అక్కడే నడుస్తున్న బెన్స్ చిల్లీ బౌల్ అనే హాట్ డాగ్ దుకాణం అది. శ్వేతసౌధం నుంచి రెండు మైళ్లు కూడా ఉండదు. అయినా రాజధాని చూడటానికి వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమంది శ్వేతసౌధం, కాంగ్రెస్ భవనం, లింకన్ స్మారకం చూసి, ఫొటోలు దిగి, యూ వీధి ముఖం చూడకుండానే తిరిగి వస్తారు. నగరంలో బతికిన మనుషుల కథ తెలుసుకోవాలంటే ఆ పాలరాతి కట్టడాల కంటే ఈ వీధే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

ఒక తిండి దుకాణం అరవై ఏళ్లకు పైగా ఒకే చోట నిలిస్తే, రుచి బాగుంది కనుక నిలిచిందని చెప్పి ఊరుకోవడం తేలిక. ఆ వీధిలోనే రుచిగా వండిన హోటళ్లు ఇంకెన్నో ఉండేవి, అవి పోయాయి. బెన్స్ నిలవడానికి కారణం దాని యజమానులు మూడు నాలుగు గడ్డు సమయాల్లో తీసుకున్న నిర్ణయాలు అని నేను అనుకుంటున్నాను. చుట్టుపక్కల అందరూ తాళం వేసుకుని వెళ్లిపోతున్నప్పుడు వాళ్లు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదు, ఎలా ఉండగలిగారు అన్నదే ఈ సాయంత్రం నా విషయం.

ముందుగా అక్కడ వండేదేమిటో చెప్పాలి. సన్నగా రుబ్బిన మాంసాన్ని పొరలో కూరి, పొగబెట్టో ఉడికించో తయారుచేసిన సాసేజ్‌ను నిలువుగా చీల్చిన మెత్తని బన్నులో పెట్టి ఇస్తే అది హాట్ డాగ్. జర్మనీ నుంచి వలస వెళ్లినవాళ్లు 19వ శతాబ్దంలో అమెరికాకు తీసుకువెళ్లిన సాసేజ్ అక్కడి వీధుల్లో బన్నులోకి చేరింది. న్యూయార్క్ సముద్రతీరంలోని కోనీ ఐలాండ్‌లో పోలండ్ నుంచి వలస వచ్చిన నేథన్ హ్యాండ్‌వర్కర్ 1916లో దుకాణం పెట్టి, పక్కవాళ్లు పది సెంట్లకు అమ్మేదాన్ని అయిదు సెంట్లకే ఇచ్చి కూలివాడికి కూడా అందుబాటులోకి తెచ్చాడు. తర్వాత ప్రతి పెద్ద నగరం తనదంటూ ఒక పద్ధతి తయారుచేసుకుంది. షికాగోలో దాని మీద కెచప్ వేయమంటే అపచారం చేసినట్టు చూస్తారు. లాస్ ఏంజలెస్‌లో 1939 నుంచి పింక్స్ అనే దుకాణం ముందు జనం వరుస కడుతున్నారు. వాషింగ్టన్ సొంతం చేసుకున్నది హాఫ్ స్మోక్ అనే సాసేజ్. మామూలు హాట్ డాగ్ కంటే ఇది లావుగా ఉంటుంది, మాంసం కాస్త బరకగా ఉంటుంది, కారం తగులుతుంది, పొగ వాసన ఉంటుంది. సాధారణంగా ఇందులో పంది మాంసం, గొడ్డు మాంసం రెండూ కలుస్తాయి.

బెన్స్‌లో వంట రహస్యంగా సాగదు. వీధి వైపు అద్దం పక్కనే పెనం ఉంటుంది. లోపలికి అడుగు పెట్టకముందే సాసేజ్‌లు కాలడం కనిపిస్తుంది, తలుపు తీస్తే వాసన తగులుతుంది. పెనం ముందున్న మనిషి సాసేజ్‌లను అటూ ఇటూ దొర్లిస్తూ పొర అక్కడక్కడ నల్లబడి చిట్లేదాకా ఉంచుతాడు. ఆవిరిలో మెత్తబడిన బన్ను తీసి, అందులో సాసేజ్ పెట్టి, దాని మీద ఆవాల ముద్ద గీతలా రాసి, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ చల్లి, ఆపైన గరిటెతో చిల్లీ పోస్తాడు. చిల్లీ అంటే మసాలాలతో, మిరపపొడితో చాలాసేపు ఉడికించిన గొడ్డు మాంసపు ఖీమా గుజ్జు. అది బన్ను అంచులు దాటి కాగితం మీదకు కారుతుంది. చేతులకు అంటకుండా దాన్ని తినడం ఎవరివల్లా కాదు, అలా తినాలని అక్కడ ఎవరూ ప్రయత్నించరు కూడా. కౌంటర్ ముందు నేలకు బిగించిన ఎర్రని స్టూళ్లు, గోడ వారన బల్లలు దుకాణం తెరిచిన నాటివే. నేను వెళ్లినప్పుడు ఆ స్టూలు మీద నా పక్కన ఒక వైపు పోలీసు దుస్తుల్లో ఒకాయన, మరో వైపు భుజాన పుస్తకాల సంచితో ఒక విద్యార్థిని కూర్చుని ఉన్నారు. ఎదురుగా నిలబడి వడ్డిస్తున్న ఆవిడ ఇద్దరినీ ఒకే రకంగా పలకరించింది.

ఇక ఆ వీధి సంగతి. అది తెలియకపోతే ఈ దుకాణం సంగతి అర్థం కాదు.

20వ శతాబ్దం మొదటి సగంలో వాషింగ్టన్ దేశానికి రాజధాని అయినా, నల్లజాతి వారికి నగరం నడిబొడ్డున ఉన్న హోటళ్లలో భోజనం పెట్టేవారు కాదు, సినిమా హాళ్లలోకి రానిచ్చేవారు కాదు. అందుకని వాళ్లు తమకు కావలసినవన్నీ యూ వీధి చుట్టూ తామే కట్టుకున్నారు. జాన్ వైట్‌లా లూయిస్ అనే నల్లజాతి వ్యాపారి అక్కడ 1913లో బ్యాంకు పెట్టాడు, 1919లో హోటలు కట్టాడు. లింకన్ థియేటర్ 1922లో తెరుచుకుంది. నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే హొవర్డ్ విశ్వవిద్యాలయం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ ఆ పరిసరాల్లోనే పెరిగాడు. డాక్టర్లు, లాయర్లు, దర్జీలు, క్షురకులు, పాటగాళ్లు అందరూ ఒకే వీధిలో తిరిగేవారు. న్యూయార్క్‌లో నాటకశాలలకు పేరుపొందిన బ్రాడ్‌వే వీధితో పోల్చి, ఆ వీధిని నల్లవారి బ్రాడ్‌వే అని పిలిచేవారు.

ఇక్కడ భోజనశాలలకు సంబంధించిన ఒక కేసు గురించి కాస్త ఆగి చెప్పాలి. బానిసలుగా పుట్టిన తల్లిదండ్రులకు 1863లో జన్మించిన మేరీ చర్చ్ టెరెల్ అనే విద్యావేత్త, 86 ఏళ్ల వయసులో, 1950లో తన మిత్రులతో కలిసి 14వ వీధిలోని థాంప్సన్ అనే హోటలుకు వెళ్లి భోజనం అడిగింది. వారిలో నల్లజాతి వారికి పెట్టేది లేదన్నారు. నిజానికి వాషింగ్టన్ నగరంలో మర్యాదగా వచ్చిన ఎవరికైనా భోజనం పెట్టితీరాలని 1872లో, 1873లో చేసిన చట్టాలు ఉన్నాయి. వాటిని ఎవరూ రద్దు చేయలేదు, అమలు చేయడమే మానేశారు. అవి తర్వాతి చట్ట సంకలనాల్లో కనిపించకుండా పోయాయి. టెరెల్, ఆమె తోటివారు ఆ పాత చట్టాల ఆధారంగా పోరాడారు. 1953 జూన్ 8న సుప్రీంకోర్టు ఆ చట్టాలు ఇంకా బతికే ఉన్నాయని తీర్పు చెప్పింది. అంటే బెన్స్ తెరవడానికి అయిదేళ్ల ముందు వరకు ఆ నగరంలో ఒక నల్లజాతి మనిషికి సెంటర్లో కూర్చుని ఇంత తినే హక్కు ఆచరణలో లేదు. అందరినీ కూర్చోబెట్టి పెట్టే ఒక కౌంటర్ ఆ రోజుల్లో అక్కడి మనుషులకు ఎంత విలువైనదో ఈ నేపథ్యంలో చూడాలి.

అలాంటి వీధిలో దుకాణం పెట్టినవాడు కరీబియన్ దీవుల నుంచి వచ్చిన మనిషి. బ్రిటిష్ వారు తమ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు తోటల్లో పనికి 1845 నుంచి 1917 వరకు లక్షా నలభై వేలకు పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా ట్రినిడాడ్‌కు తరలించారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు, కొందరు మద్రాసు నుంచి ఓడ ఎక్కారు. మద్రాసు ఓడల్లో మన తెలుగువారు కూడా ఉన్నారు. ఆ ట్రినిడాడ్‌లో, భారతీయ మూలాలున్న ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు మెహబూబ్ బెన్ అలీ. మెహబూబ్ అలీ అన్న పేరు వినగానే హైదరాబాదు వాళ్లకు ఆరవ నిజాం గుర్తుకు రాక మానడు. బెన్ దంపతులు తమ కొడుకుల్లో ఒకరికి నిజాం అని పేరు పెట్టారని తెలిసినప్పుడు, రెండు చోట్లకూ ఏ బంధుత్వమూ లేకపోయినా, నాకు ముచ్చటేసింది.

బెన్ 1945లో డాక్టరు కావాలని అమెరికా వచ్చి నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ లిఫ్టు గుంటలో పడి వెన్నెముక విరిగి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. కోలుకున్నాక చదువు కొనసాగించి హొవర్డ్ విశ్వవిద్యాలయం చేరాడు. పళ్ల డాక్టరు చదువు మొదలుపెట్టాడు కానీ మనసు అటు నిలవలేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు హోటళ్లలో పనిచేసిన అనుభవం ఉంది, వంట తెలుసు. యూ వీధిలోని నల్లజాతి వారి బ్యాంకులో, అంటే ఇందాక చెప్పిన లూయిస్ స్థాపించిన ఆ బ్యాంకు పరంపరలో వచ్చినదే, క్యాషు కౌంటర్లో పనిచేస్తున్న వర్జీనియా రోలిన్స్ అనే అమ్మాయితో అతనికి పరిచయమైంది. 1958 ఆగస్టులో దుకాణం తెరిచారు, అక్టోబరులో పెళ్లి చేసుకున్నారు. వ్యాపారం ముందు, పెళ్లి తర్వాత.

వాళ్లు తీసుకున్న భవనానికి అప్పటికే ఒక చరిత్ర ఉంది. 1910 ప్రాంతంలో అది మిన్నెహాహా అనే మూకీ సినిమాల హాలు. తర్వాత నగరంలో తొలి నల్లజాతి డిటెక్టివులలో ఒకడైన హ్యారీ బెక్లీ దాన్ని బిలియర్డ్స్ ఆడే చోటుగా మార్చాడు. అలీ దంపతులు సుమారు 5,000 డాలర్లతో దానికి కొత్త రూపం ఇచ్చారు. ఆర్కిటెక్టు, మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వడ్రంగి అందరినీ నల్లజాతి వారినే పెట్టుకున్నారు. వీధిలో డబ్బు వీధిలోనే తిరగాలన్న ఆలోచన ఆ రోజుల్లో యూ వీధిలో అందరిదీ. ఒక వలసదారు పదేళ్లకు పైగా తనకు చదువూ, స్నేహాలూ, జీవిత భాగస్వామినీ ఇచ్చిన సమాజంతో ఇలా మొదటి ఇటుక నుంచీ కలిసి నడవడం నాకు ఈ కథలో చాలా నచ్చిన విషయం.

పక్కనే లింకన్ థియేటర్ ఉండటం పెద్ద అదృష్టం. సంగీత కచేరీలు అర్ధరాత్రికి ముగిసేవి. ఆకలితో బయటికి వచ్చిన వాళ్లకు, వాళ్లతోపాటు పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు తెల్లవారుజాము దాకా దీపం వెలిగే చోటు ఇదొక్కటే. డ్యూక్ ఎలింగ్టన్, ఎల్లా ఫిట్జెరాల్డ్, మైల్స్ డేవిస్, నాట్ కింగ్ కోల్ వంటివారు ఆ స్టూళ్ల మీద కూర్చుని తిన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ సంస్థకు 14వ వీధి, యూ వీధి కలిసే చోట కార్యాలయం ఉండేది. వాషింగ్టన్ వచ్చినప్పుడు ఆయన నడిచి వచ్చి ఇక్కడ తినేవారు, వర్జీనియాతో కాసేపు మాట్లాడేవారు. 1963 ఆగస్టులో పౌరహక్కుల కోసం రాజధానిలో జరగబోతున్న మహా ప్రదర్శన గురించి ఆయన నోటి నుంచే విన్నట్టు ఆమె తర్వాతి కాలంలో ఎన్నో సందర్భాల్లో చెప్పింది. ఆ ప్రదర్శనకు బెన్స్ నుంచి ఆహారం వెళ్లింది.

1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లో కింగ్ హత్య జరిగింది. వార్త యూ వీధికి చేరినప్పుడు ఎవరో పరుగున దుకాణంలోకి వచ్చి చెప్పారు. ముందు ఎవరూ నమ్మలేదు, తర్వాత ట్రాన్సిస్టర్లు మోగాయి, మనుషులు ఏడవడం మొదలుపెట్టారు. దుఃఖం చూస్తుండగానే కోపంగా మారింది. నల్లజాతి హక్కుల ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్ తన అనుచరులతో ఆ వీధుల్లో తిరుగుతూ, కింగ్ పట్ల గౌరవంగా దుకాణాలు మూయమని అడిగాడు. రాత్రి గడిచేకొద్దీ అద్దాలు పగిలాయి, నిప్పు అంటుకుంది. 14వ వీధి, 7వ వీధి, హెచ్ వీధి మూడూ తగలబడ్డాయి. నగరంలోకి 13 వేలకు పైగా సైనికులు దిగారు, కర్ఫ్యూ పెట్టారు. వెయ్యికి పైగా భవనాలు దెబ్బతిన్నాయి.

కార్మైకేల్ హొవర్డ్‌లో చదివే రోజుల నుంచీ బెన్స్‌కు అలవాటు పడినవాడు, పైగా బెన్ లాగే ట్రినిడాడ్‌లో పుట్టినవాడు. తన కార్యకర్తలకు తిండి దొరికే చోటు ఒకటి ఉండాలని, బెన్స్‌ను తెరిచి ఉంచనివ్వమని అతను కోరాడు. మరోవైపు రోజంతా మంటలతో పోరాడుతున్న అగ్నిమాపక సిబ్బందికి, పోలీసులకు, నగర అధికారులకు కూడా వేడిగా ఏదైనా తినే చోటు కావాలి. నగర యంత్రాంగం అనుమతి ఇచ్చింది. అలా కర్ఫ్యూ ఉన్న రాత్రుల్లో యూ వీధిలో వెలిగిన దుకాణం ఇదే. అద్దం మీద సబ్బుతో సోల్ బ్రదర్ అని రాసి ఉంచారు. అంటే ఇది మన మనిషి దుకాణం, దీన్ని తాకవద్దు అని.

నేను ఈ ఘట్టాన్ని వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వీధిలో రాళ్లు విసిరినవాళ్లు, వాళ్లను ఆపడానికి వచ్చిన పోలీసులు ఇద్దరూ అదే కౌంటర్ దగ్గరికి వచ్చి తిన్నారు. ఇద్దరూ ఆ దుకాణాన్ని కాపాడదగినదిగా భావించారు. పదేళ్లపాటు రోజూ ఎవరు వచ్చినా ఒకేలా పలకరించి, ఒకే బన్ను ఇచ్చి, ఒకే ధర తీసుకున్నందుకు దొరికిన నమ్మకం అది. మంటలు లేచిన రాత్రి కూర్చుని ఎవరూ అలాంటి నమ్మకాన్ని సంపాదించలేరు. ఆ తర్వాత మే, జూన్ నెలల్లో పేదల ఉద్యమం వారు నేషనల్ మాల్ అనే పచ్చిక మైదానం మీద గుడారాలు వేసుకుని ఉన్నప్పుడు అక్కడికి కూడా బెన్స్ ఆహారం పంపింది.

అల్లర్ల తర్వాత వచ్చిన కాలం వాటి కంటే కష్టమైనది. అల్లర్లు నాలుగైదు రోజుల్లో ముగిశాయి, పతనం ఇరవై ఏళ్లు సాగింది. చట్టం మారాక నల్లజాతి మధ్యతరగతి వారికి నగరంలో ఎక్కడైనా, శివార్లలో ఎక్కడైనా ఇల్లు కొనుక్కునే వీలు కలిగింది. ఎవరూ తప్పుపట్టలేని మార్పు అది. కానీ ఆ కుటుంబాలు వెళ్లిపోవడంతో యూ వీధిలో డాక్టరు బోర్డు పోయింది, దర్జీ దుకాణం పోయింది, థియేటర్ తలుపులు మూతబడ్డాయి. 1950లో ఎనిమిది లక్షలు దాటిన నగర జనాభా 2000 నాటికి 5 లక్షల 72 వేలకు పడిపోయింది. ఖాళీ అయిన భవనాల్లోకి హెరాయిన్, తర్వాత క్రాక్ కొకెయిన్ వచ్చాయి.

ఆ రోజుల్లో బెన్స్ పైఅంతస్తులో పోలీసులు కూర్చుని ఎదుటి వైపు జరిగే మత్తుమందుల అమ్మకాలను గమనించేవారు. కింద మరో చిన్న నిర్ణయం జరిగింది. మత్తుమందులకు అలవాటు పడినవాళ్లు తీపి కోసం వెతుకుతారు. కేకులు, పైలు తినడానికి వాళ్లు లోపలికి వచ్చి గంటల తరబడి కూర్చోవడం మొదలుపెట్టారు. యజమానులు ఎవరినీ తలుపు దగ్గర ఆపలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. తీపి పదార్థాలను మెనూ నుంచి తీసేశారు. సమస్య చాలావరకు తగ్గింది. ఎవరినీ అవమానించకుండా దుకాణాన్ని కాపాడుకున్న ఈ ఉపాయంలో వర్జీనియా, బెన్‌ల స్వభావం మొత్తం కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది. హోటలు నడిపే వారందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది.

దాని తర్వాత వచ్చిన దెబ్బ ప్రభుత్వం నుంచి, అదీ మంచి ఉద్దేశంతో వచ్చింది. నగర మెట్రో రైలు గ్రీన్ లైను యూ వీధి కింద నుంచి వెళ్లాలని నిర్ణయించారు. 1980ల చివర్లో వీధిని నిలువునా తవ్వారు. ఏళ్ల తరబడి దుకాణం ముందు రోడ్డు లేదు, కార్లు ఆగే చోటు లేదు, బస్సు లేదు. బతికి బట్టకట్టిన కొద్దిపాటి వ్యాపారాలు కూడా ఈ తవ్వకంతో మూతబడ్డాయి. రైలు వస్తే వీధి బాగుపడుతుందని అధికారులు చెప్పిన మాట నిజమే, కానీ రైలు వచ్చేదాకా బతికి ఉండాలి కదా. మన నగరాల్లో మెట్రో స్తంభాల పక్కన దుకాణం ఉన్నవారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. బెన్స్‌లో పనివాళ్లను తగ్గించుకుంటూ పోగా చివరికి కుటుంబంతో పాటు ఒకే ఒక్క ఉద్యోగి మిగిలిన రోజులు ఉన్నాయి. అప్పుడు వాళ్ల బేరం ఎవరంటే, ఆ గుంట తవ్వుతున్న కూలీలే. మధ్యాహ్నం హెల్మెట్లు తీసి కౌంటర్ మీద పెట్టి హాఫ్ స్మోక్‌లు తిన్నవాళ్ల డబ్బుతో దుకాణం గడిచింది. 1991 మే 11న యూ వీధి స్టేషను తెరుచుకుంది. దాని ఒక ద్వారం 13వ వీధి వైపు, దాదాపు బెన్స్‌కు ఎదురుగా ఉంటుంది.

స్టేషనుతో పాటు మనుషులు తిరిగి వచ్చారు. ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా. పేరు ప్రతిష్ఠల విషయం ఎక్కువసేపు చెప్పను, ఎందుకంటే పత్రికల్లో అదే ఎక్కువగా వస్తుంది. 2004లో భోజనశాలలకు, వంటవారికి పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ అమెరికాస్ క్లాసిక్స్ పురస్కారం ఇచ్చింది. నగరపు బేస్‌బాల్ మైదానంలో, విమానాశ్రయంలో శాఖలు వచ్చాయి. 2008 నవంబరు 4 రాత్రి ఒబామా గెలిచినట్టు తెలియగానే జనం యూ వీధిలోకి పొంగి వచ్చారు. నలభై ఏళ్ల కిందట మంటలు లేచిన కూడలిలో ఆ రాత్రి ముక్కూ మొహం తెలియనివారు కౌగిలించుకున్నారు. 2009 జనవరి 10న, ప్రమాణ స్వీకారానికి పది రోజుల ముందు, ఒబామా నగర మేయరు ఏడ్రియన్ ఫెంటీతో కలిసి బెన్స్‌కు వచ్చి హాఫ్ స్మోక్ తిన్నాడు. డబ్బు తీసుకోనక్కరలేని వారి జాబితా ఒకటి దుకాణంలో ఉంది, అందులో ఒబామా కుటుంబం పేరు అప్పటికే రాసి ఉంది. అయినా అతను డబ్బు ఇచ్చే వెళ్లాడు.

ఆ జాబితాలో అంతకు ముందు నుంచీ ఉన్న పేరు హాస్యనటుడు బిల్ కాస్బీ. ఆయన ఒకప్పుడు బెన్స్‌కు నిలువెత్తు ప్రచారం. దుకాణం పక్క గోడ మీద 2012లో వేసిన పెద్ద చిత్రంలో ఆయన ముఖం ఉండేది. ఆయనపై ఎంతోమంది స్త్రీలు లైంగిక దాడి ఆరోపణలు చేశాక, 2017 జనవరిలో ఆ చిత్రాన్ని చెరిపేశారు. కొత్త చిత్రంలో ఎవరు ఉండాలో ప్రజలనే అడిగారు. అదే ఏడాది జూన్‌లో తయారైన గోడ మీద ఒబామా దంపతులు, బానిసలను విడిపించిన హ్యారియట్ టబ్‌మన్, బాక్సర్ ముహమ్మద్ అలీ, హాస్యనటుడు డిక్ గ్రెగరీ, గాయకుడు ప్రిన్స్ వంటివారు ఉన్నారు. పాత స్నేహం, పాత ఉపకారం ఉన్న మనిషి ముఖాన్ని గోడ నుంచి తీయడం ఏ కుటుంబానికైనా తేలిక కాదు. కానీ గోడ వీధిదని, ఆ వీధిలో నడిచే ఆడపిల్లలు రోజూ ఆ ముఖం కింద నుంచి వెళ్లాలని ఆలోచిస్తే, ఆ పని చేయవలసిందే.

కొత్త కాలం తెచ్చిన చిక్కును కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ కథకు న్యాయం జరగదు. 1970లో వాషింగ్టన్ జనాభాలో నల్లజాతి వారు 71 శాతం. 2011 నాటికి అది సగం కన్నా కిందికి వచ్చింది. యూ వీధి చుట్టూ ఖరీదైన అపార్టుమెంట్లు లేచాయి, అద్దెలు పెరిగాయి, అల్లర్లలోనూ తవ్వకాల్లోనూ కదలని కుటుంబాలు అద్దె కట్టలేక కదిలాయి. బెన్స్ ముందు ఇప్పుడు వరుసలో నిలబడేవారిలో పర్యాటకులు ఎక్కువ. దుకాణం గెలిచింది, దాన్ని గెలిపించిన ఇరుగుపొరుగులో చాలామంది ఇప్పుడు అక్కడ లేరు. ఇది దుకాణదారుల తప్పు అని నేను అనను. నగరం బాగుపడటం అంటే మొదటి నుంచీ ఉన్నవాళ్లు వెళ్లిపోవడం అని అర్థం కాకూడదు, కానీ అమెరికాలోనూ మన దగ్గరా ప్రణాళికలు వేసేవాళ్లు ఆ లెక్క చూసుకోవడం లేదు. శివార్లకు వెళ్లిపోయిన పాతవాళ్లు ఆదివారం చర్చి తర్వాతో, ఎవరి పుట్టినరోజుకో పిల్లలను వెంటబెట్టుకుని ఈ కౌంటర్‌కు వస్తారంటే, వాళ్లకు ఆ వీధిలో మిగిలిన సొంత చోటు అదే కనుక వస్తారు.

బెన్ అలీ 2009 అక్టోబరు 7న కన్నుమూశాడు. అప్పటికే కొడుకులు వ్యాపారం చూసుకుంటున్నారు. దుకాణం పక్కన ఉన్న సందుకు బెన్ అలీ వే అని నగరం పేరు పెట్టింది. చిల్లీ తయారుచేసే పద్ధతి ఆ కుటుంబం దాటి బయటికి రాలేదు. వర్జీనియా తొంభై ఏళ్లు దాటిన తర్వాత కూడా దుకాణానికి వచ్చి, బల్లల మధ్య తిరుగుతూ వచ్చినవాళ్లను పలకరించడం మానలేదు. 2020లో కరోనా వచ్చి భోజనశాలలన్నీ లోపల కూర్చోబెట్టడం ఆపేసినప్పుడు, కూర్చుని కబుర్లు చెప్పుకోవడం మీదే ఆధారపడిన ఈ చోటు ఏమవుతుందోనని చాలామంది బెంగపడ్డారు. పార్సెళ్లు కట్టి ఇస్తూ, ఆసుపత్రుల సిబ్బందికి భోజనాలు పంపుతూ ఆ గండాన్ని కూడా దాటారు. 1968లో చేసినట్టే, గడ్డు రోజుల్లో పనిచేస్తున్నవాళ్లకు తిండి పెట్టడమే తమ పని అనుకున్నారు.

చివరిగా మీలో కొందరికి పనికొచ్చే మాట. 2019 జూలైలో తానా మహాసభలు వాషింగ్టన్ కన్వెన్షన్ సెంటర్లో జరిగినప్పుడు వేలమంది తెలుగువారు ఆ నగరంలో మూడు రోజులు ఉన్నారు. ఆ సెంటర్ దగ్గరున్న మౌంట్ వెర్నన్ స్క్వేర్ స్టేషనులో గ్రీన్ లైను రైలు ఎక్కితే రెండో స్టేషను యూ వీధి. 13వ వీధి ద్వారం నుంచి బయటికి రండి, రోడ్డు దాటితే దుకాణం. గొడ్డు మాంసం, పంది మాంసం తిననివారు మొహమాటపడనక్కరలేదు. టర్కీ కోడి సాసేజ్ ఉంటుంది, మాంసం లేని చిల్లీ కూడా చేస్తారు. తిన్నాక వెంటనే రైలెక్కకుండా గోడ మీది బొమ్మలు చూసి, పక్కనున్న లింకన్ థియేటర్ చూసి, 14వ వీధి కూడలి దాకా నడవండి. ఇందాక చెప్పిన 1968 నాటి రాత్రి మొదలైన చోటు అదే. వీలైతే మామూలు రోజున, మధ్యాహ్నం భోజన వేళ దాటాక వెళ్లండి. అప్పుడు వరుస తక్కువగా ఉంటుంది, కౌంటర్ వెనక ఉన్నవాళ్లకు మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

ఇంత ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక మీ ప్రశ్నలు అడగండి.